ఒకే గోలుపోస్టు కనిపించే బాల్కనీ

మొన్న గురువారం పొద్దున అమ్మకు పెసరట్టు వేసి పెడుతుంటే లేనా ఫోన్ చేసింది. పలకరింపు లేదు, పాడు లేదు. "శనివారం ఆఖరి మ్యాచ్! మన గ్రౌండులోనే, అదీ పసుపు చొక్కాలవాళ్ళతో! గెలిస్తే పై లీగులోకి మనం వెళ్తాం, గెలవకపోతే వాళ్ళు వెళ్తారు. టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. అయితేనేం, బాల్కనీ ఉందిగా. అమ్మను తీసుకురా. డబ్బా మర్చిపోవద్దని చెప్పు," అని ఊపిరి తీసుకోకుండా జర్మన్‌లో చెప్పేసి పెట్టేసింది. స్టుట్‌గార్ట్‌లో మా వంటింటి కిటికీ పక్కన కూర్చుని ఉన్న అమ్మ, ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులని రెండు వారాలుగా బాల్కనీలోకి కూడా రాని మనిషి, చేతిలో అట్టు ముక్క వదిలేసి లేచి నిలబడింది. "ఎన్నింటి రైలు?" అంది. అట్టు చల్లారిపోతోందంటే వినిపించుకుంటేగా!

లేనా మా రేజీ ఓమా మనవరాలు. జర్మన్ పిల్లలు అమ్మమ్మనైనా నానమ్మనైనా ఓమా అనే పిలుస్తారు. రేజీ ఓమా మాకు రక్తసంబంధం కాదు. నేను పెరిగిన ఇంట్లో, మెట్లకు ఆవలివైపు వాటాలో ఉండేది, అంతే. ఆ "అంతే" అన్న మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. నా బాల్యంలో సగం ఆవిడ వంటింట్లోనే గడిచింది. ఆవిడ నాకు రెండు నేర్పింది: ఒకటి జర్మన్, రెండు ఆ క్లబ్బు. జర్మన్‌తో అన్నం తిన్నాను. క్లబ్బుతో ఏం బావుకున్నావంటే చెప్పలేను. శనివారం వస్తే ఈ వయసులోనూ ఒక చోట కూర్చోలేను, అది మాత్రం దాని చలవే.

నాన్న తెనాలి నుంచి డాక్టరుగా వచ్చి, బవేరియా చివర నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో ఆసుపత్రిలో చేరాడు. తరవాత అమ్మా, ఆమె చెయ్యి పట్టుకుని నేనూ వచ్చాం. నది ఇవతల జర్మనీ, అవతల ఆస్ట్రియా, మధ్యలో ఒక వంతెన. మా ఇల్లు మూడో అంతస్తులో ఉండేది. మా వాటాలోకి ఎండ వచ్చేది కాదు, రేజీ ఓమా వాటాకు మాత్రం నదివైపు బాల్కనీ ఉండేది. అమ్మ ఇడ్లీపిండి పులియక ఏడుస్తుంటే, ఆవిడ గిన్నె తీసుకుపోయి తన బొగ్గు పొయ్యి పక్కన, రొట్టెపిండి గిన్నె సరసన పెట్టి, రెండింటిమీదా ఒకే తువ్వాలు కప్పేది. ఆ వంటింట్లో పులిసిన పిండి, కాల్చిన యాపిల్, దాల్చినచెక్క, తడి ఉన్ని, అన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పటికీ నాకు ఇడ్లీ అంటే దాల్చినచెక్క గుర్తొస్తుంది. చెబితే మా బంధువులు నవ్వుతారు.

రేజీ ఓమా ఆస్ట్రియా ఒడ్డున పుట్టి, ఇవతలి మనిషిని పెళ్ళి చేసుకుని వంతెన దాటింది. మొగుడు పోయాక కూడా తిరిగి వెళ్ళలేదు. ఎందుకంటే బాల్కనీ. సరిగ్గా ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున, ఆవిడ నాన్న, తాత తిరిగిన క్లబ్బు మైదానం ఉండేది. కాకపోతే మైదానానికి అడ్డంగా ఒక పాత ఉప్పు గోదాము. దానివల్ల బాల్కనీలోంచి సగమే కనిపించేది. అంటే ఒకే గోలుపోస్టు. రెండోది గోదాము వెనకాల. అటువైపు ఏం జరిగిందో జనం అరుపును బట్టి ఊహించుకోవడమే. పొడుగ్గా సాగే అరుపైతే మనది, ఒక్కసారిగా నిశ్శబ్దమైతే వాళ్ళది. నాన్న ఆవిడ ముందుగదిలో పేపరు చదువుతూ, "సగం ఆట చూసి నిండు బెంగ పడటం మీకే చెల్లింది," అని వేళాకోళం చేసేవాడు. అయినా రెండో సగం మొదలయ్యేసరికి ఆయన కుర్చీ ఎలాగో బాల్కనీ గుమ్మం దాకా జరిగి వచ్చి ఉండేది.

శనివారం రైల్లో అమ్మ నీలం తెలుపు మఫ్లరు మెళ్ళో వేసుకుని కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. ఒళ్ళో చేతిసంచీ, సంచీలో స్టీలు డబ్బా. ఎదుటి సీట్లో ఒక కుర్రాడు. గార్చింగ్‌లో ఏదో పరిశోధన సంస్థలో పని చేస్తున్నాడట, సొంతూరు వరంగల్ దగ్గర. మేం తెలుగు మాట్లాడుకోవడం విని మొహం విప్పారింది. "ఆంటీ, ఏమనుకోవద్దు గని, మీ స్కార్ఫ్ ఏ టీమ్‌ది? నేనెప్పుడు చూడలే," అన్నాడు. అమ్మకు కావలసింది అదే.

"పడవలోళ్ళది నాయనా. ఆస్ట్రియాలో ఉప్పు కొండల్లోంచి తవ్వి, ఈ నది మీదే పడవల్లో దింపేవాళ్ళు. రైలొచ్చింది, పడవలు ఒడ్డున పడ్డాయి. పని లేదు, ఒంట్లో సత్తువుంది, ఏం చేస్తారు? బంతి పట్టుకున్నారు. పడవలకేసే నీలం రంగు మిగిలిపోతే దాంతోనే జెండాకేశారు. ఇదిగో, తెడ్డు బొమ్మ కనపడుతోందా? నాకు కనపట్టంలా, నువ్వే చూసుకో. మొదట్లో వాళ్ళ గ్రౌండు ఏటిలంకలో ఉండేదంట. మంచు కరిగితే నీళ్ళొచ్చి గోలుపోస్టులు కొట్టుకుపోయేవి. పడవేసుకెళ్ళి పట్టుకొచ్చి మళ్ళీ పాతి ఆడేవాళ్ళు. పట్టుకొచ్చేవాళ్ళూ వాళ్ళే, ఆడేవాళ్ళూ వాళ్ళే!"

"మా ఆఫీసుల జర్మన్లకు గూడ గింత దెల్వది ఆంటీ," అని కుర్రాడు నోరు తెరిచాడు. "మరి ఇప్పుడెట్ల ఆడుతున్నరు?"

"ఇప్పుడా? సీజను మొదట్లో చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఆడిందల్లా ఓడారు. చలికాలం సెలవులయ్యాక ఏం మాయో, కొత్త కోచ్ బళ్ళో లెక్కల మేష్టరంట, వీళ్ళకేం లెక్కలు చెప్పాడో, ఇంక ఓటమన్నది లేదు. మొన్న మొన్నే మళ్ళీ తడబాటు. గెలవాల్సినవి గెలవకుండా సమానం చేసి వదిలేశారు. అందుకే ఇయ్యాల్టిదాకా లాగింది."

"గెలుస్తరా మరి ఇయ్యాల?"

అమ్మ టక్కున నోరు మూసుకుంది. ఆ మాట అనకూడదు. రేజీ ఓమా ఇంట్లో అది చట్టం. ఆట ముందు గెలుస్తామనీ అనకూడదు, ఓడతామనీ అనకూడదు. వాతావరణం గురించి మాట్లాడుకోవచ్చు. నాన్న ఒకసారి నోరు జారి "ఇవాళ మనదే" అన్నందుకు ఆవిడ ఆయనకు కాఫీ ఇవ్వలేదు. అమ్మ కిటికీలోకి చూస్తూ, "ఎండ బాగా కాస్తోంది కదూ," అంది. పాపం ఆ కుర్రాడు, ఈ ముసలావిడకు వినపడలేదేమో అనుకుని, మ్యూనిక్‌లో దిగేటప్పుడు గట్టిగా అరిచి మరీ ఆల్ ద బెస్ట్ చెప్పాడు.

ఇక ఆ పసుపు డబ్బా సంగతి చెప్పాలి. నేను బళ్ళో చేరిన కొత్తలో, రేజీ ఓమా చలికాలమంతా కూర్చుని నాకోసం నీలం తెలుపు ఉన్నితో మఫ్లరు అల్లింది. నన్ను మొదటిసారి వంతెన దాటించి మైదానానికి తీసుకెళ్ళాలని ఆవిడ ముచ్చట. ఆ రోజు ఆట పసుపు చొక్కాలవాళ్ళతో. వాళ్ళదీ వీళ్ళదీ తాతల నాటి వైరం. రేజీ ఓమా ఇంట్లో పసుపు రంగు కర్టెను ఉండదు, పసుపు రంగు కప్పు ఉండదు. వసంతంలో ఎవరైనా పసుపు పూలు పట్టుకొస్తే గుమ్మం బయటే పెట్టించేది. ఇవేవీ మా అమ్మకు తెలియవు. భాషే సగం రాదు. ఆమెకు తెలిసింది ఒక్కటే: కొత్త బట్టకు ఓ మూల పసుపు పెట్టనిదే బిడ్డ ఒంటిమీద వెయ్యకూడదు. తెనాలి నుంచి వచ్చిన పసుపు, కాఫీ సీసాలో దాచుకున్నది, పండక్కి కూడా చిటికెడే వాడేది. ఆవేళ మాత్రం పరాయి దేశంలో పిల్ల మొదటిసారి అంత జనంలోకి వెళుతోందని, చల్లగా ఉండాలని, ధారాళంగా తడిపి మఫ్లరు మూలకు పట్టించింది. అరచేతి మేర!

టోపీ పెట్టుకుని తయారై వచ్చిన రేజీ ఓమా మా గుమ్మంలో నన్ను చూసింది. మఫ్లరు చూసింది. మూల చూసింది. "యేసస్ మరియా!" అని గుండెమీద చెయ్యి వేసుకుంది. అమ్మ ఎంతో సంతోషంగా నవ్వుతూ, ఇంకా కావాలా అన్నట్టు పసుపు గిన్నె చూపించింది. ఆవిడ మాట్లాడకుండా మఫ్లరు లాక్కుని తన వంటింట్లోకి పరుగెత్తి, బట్టల సబ్బు పెట్టి బరబరా రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. చూస్తుండగానే ఆ మూల నెత్తురు రంగుకు తిరిగింది. ఆవిడ చేతులు వదిలేసి స్టూలు మీద కూలబడి శిలువ గుర్తు వేసుకుంది. నాన్న వచ్చి సబ్బులో క్షారం, పసుపులో రంగు అంటూ ఆసుపత్రిలో చెప్పినట్టు పాఠం మొదలుపెట్టాడు. వినేవాళ్ళెవరు? అమ్మ ఒకవైపు ఏడుస్తోంది, నేను ఒకవైపు ఏడుస్తున్నాను. "పసుపుతోనూ వెళ్ళలేను, నెత్తుటితోనూ వెళ్ళలేను," అని రేజీ ఓమా టోపీ తీసి మేకుకు తగిలించింది. కష్టపడి సంపాదించిన టికెట్లు బల్లమీదే ఉండిపోయాయి.

అలా మేమందరం ఆ రోజు బాల్కనీలో చేరాం. తడి మఫ్లరు కటకటాల మీద ఆరేసి ఉంది. ఎండ తగిలి ఎరుపు పోయి మళ్ళీ పసుపే తేలింది. రేజీ ఓమా దానివైపు చూడటం లేదు, అమ్మవైపు అసలే చూడటం లేదు. రెండో సగం ఆఖర్లో, ఇద్దరూ చెరొక గోలు కొట్టి సమానంగా ఉన్నప్పుడు, కనిపించే గోలుపోస్టు ముందు మనవాడిని కింద పడేశారు. పెనాల్టీ! రేజీ ఓమా చటుక్కున లేచి నదికి వీపు పెట్టి నిలబడింది. పెనాల్టీలు ఆవిడ జన్మలో చూడలేదట, ఆవిడ నాన్నా చూసేవాడు కాదట. ఆటంటే ఓనమాలు తెలియని మా అమ్మ మాత్రం కటకటాలు పట్టుకుని వంగి చూస్తోంది. ఈల వినిపించింది. బంతి కదిలింది. "పడింది!" అని అమ్మ ఒక్క గెంతు గెంతింది. "పడింది! పడింది!" తెలుగు ముక్క రాని రేజీ ఓమాకు ఆ మాట తర్జుమా అవసరం లేకపోయింది. వెనక్కి తిరిగి, ఇంతసేపూ మొహం చూడని మనిషి అమ్మను పట్టుకుని గిరగిర తిప్పేసింది. ఆ క్షణాన మా అమ్మ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఈ దేశానికి వచ్చాక ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే రేజీ ఓమా తన సొంత మఫ్లరు తెచ్చి అమ్మ ముందు పరిచి, మూల చూపించి, "ఇక్కడ," అంది. ఆ సీజనంతా మా వాటాకు జనమే జనం. కింది వాటా కసాయాయన, వంతెన దగ్గర కాపలాదారు, ఆవలి ఒడ్డునుంచి రేజీ ఓమా చుట్టాలు, అందరూ మఫ్లర్లు పట్టుకొచ్చి అమ్మ ముందు వరసకట్టేవారు. పసుపు చాలక నాన్న తెనాలికి రాసి తెప్పించాడు. ఆ ఏడే క్లబ్బు ఆస్ట్రియా కప్పు గెలిచింది, చరిత్రలో ఒకే ఒక్కసారి. ఆటగాళ్ళను పడవ ఎక్కించి నదిమీద ఊరేగిస్తూ మా బాల్కనీ కిందకు వచ్చినప్పుడు, కెప్టెను కప్పు ఎత్తి చూపించాడు. అందరికీ చూపించాడనుకోండి. కానీ మాకే చూపించాడని రేజీ ఓమా కడదాకా వాదించింది, అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. నేనూ అదే వాదిస్తాను. ఇద్దరి చేతుల్నిండా అప్పుడే వేయించిన గారెలు, నాన్న మెళ్ళో కూడా మఫ్లరు. అంత సంతోషం ఒక ఇంట్లో పట్టిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

తరవాతి కథ అంత బాగుండదు. ఎవరో కర్రమిల్లు ఆసామి అధ్యక్షుడై, గొప్పలకు పోయి, ఊరూపేరూ లేని ఖరీదైన ఆటగాళ్ళను దించాడు. చివరికి క్లబ్బే మూతబడింది. ఇంకొకళ్ళయితే మరో జట్టు చూసుకునేవారు. పడవవాళ్ళ మనవలు అదే రంగు, అదే తెడ్డు పెట్టుకుని, అన్నిటికన్నా అడుగు లీగులో మళ్ళీ మొదలుపెట్టారు. ఆవులు తోలితే గాని ఆట మొదలవని మైదానాల్లో ఆడేవారు. రేజీ ఓమా, అమ్మ బస్సులెక్కి వాటికీ వెళ్ళారు, ఒకరి సంచీలో కాఫీ ఫ్లాస్కు, ఒకరి సంచీలో పులిహోర. పెనాల్టీ వస్తే ఓమా వీపు తిప్పి, "పడిందా?" అని తెలుగులోనే అడిగేది. అమ్మ చెప్పేది. పడితే పడిందని, పోతే పోయిందని. ఆవిడకు వచ్చిన తెలుగంతా ఆ రెండు మాటలే. మెట్టు మెట్టుగా ఎక్కి, పై లీగు ఒక్కటే మిగిలిందనగా ఆవిడ మంచం పట్టింది. అప్పటికి నాన్న పోయి, అమ్మ స్టుట్‌గార్ట్‌కు నా దగ్గరికి వచ్చేసింది. చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఓమా అమ్మ చెయ్యి పట్టుకుని, "మనం పైకి వెళ్ళిన రోజు నాకు చెప్పాలి. నువ్వే చెప్పాలి, నీ మాటతో," అంది. అమ్మ సరేనంది. అది జరిగి ఏళ్ళయింది. క్లబ్బు ప్రతి ఏడూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేది. ఈలోగా అమ్మ చూపు మసకబారుతూ వచ్చింది. ఇప్పుడు రంగులు తెలుస్తాయి, మనుషులు తెలియరు. వచ్చే ఏడాదికి ఆ రంగులు కూడా ఉంటాయో లేదో అని కంటి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేసింది. అందుకే ఈ శనివారం మాకు మామూలు శనివారం కాదు.

లేనా తలుపు తీసేసరికి కాల్చిన యాపిల్ వాసన. కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, పాఠాలు చెప్పే ఆ అమ్మాయి ఓమా వాటాలోనే ఉంటోంది. బొగ్గు పొయ్యి పోయింది, గోడలకు తెల్లరంగు వచ్చింది. ఉప్పు గోదాములో ఇప్పుడు కాఫీ హోటలుంది, కానీ సగం మైదానానికి అడ్డం మాత్రం అలాగే ఉంది. గోదాము వెనక ఆట కోసం లేనా ఫోనులో ప్రసారం పెట్టింది గాని, అది నదిమీది అరుపుకన్నా వెనకబడి వస్తోంది. జనం అరిచేశాక ఫోనులో ఇంకా బంతి మధ్యలోనే ఉంటోంది. కాసేపు చూసి విసుగెత్తి దాన్ని సోఫామీద పడేసింది. అప్పట్లో పసుపు కోసం సముద్రాలవతలికి ఉత్తరం రాసేవాళ్ళం, ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో వీధికో దుకాణంలో దొరుకుతుంది. అప్పట్లో ఆ ఊరు మొత్తానికి మాదొక్కటే తెలుగు ఇల్లు, ఇప్పుడు రైలు పెట్టెలో కూడా తెలుగు పలకరింపే. ఇవన్నీ మంచివే. కానీ ఆ అరుపు కోసం చెవులు రిక్కించి కూర్చోవడంలో ఉన్న తీపి ఏ ఫోనులోనూ లేదు, ఎవరేమన్నా సరే.

అమ్మ డబ్బా తీసి, తడుముకుంటూ లేనా కొత్త మఫ్లరు మూలకు పసుపు అద్దింది. ఓమా పాత మఫ్లరు కటకటాలకు కట్టి ఉంది. ఆట మొదలైంది. మొదటి సగం ఎవరికీ గోలు లేకుండా గడిచింది, రెండో సగం మొదలవగానే గోదాము వెనక ఒక్కసారిగా నిశ్శబ్దం. మన పని అయిపోయిందనుకున్నాను. ఇంతలో కనిపించే గోలువైపు మనవాళ్ళు ఒకటి కొట్టి సమానం చేశారు. సమానం చాలదు. టైము అయిపోవస్తోంది. "నీలం ఎటుంది? ఎటుందే? ముందుకెళ్ళిందా?" అని అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. ఆఖరి క్షణాన, మా కళ్ళెదుటే, పసుపు చొక్కా ఒకటి నీలం చొక్కాను పడగొట్టింది. లేనా కెవ్వున అరిచింది. పెనాల్టీ. ఇంక టైము లేదు, ఇదే ఆఖరి తన్ను.

అమ్మ నెమ్మదిగా లేచింది. కటకటాలు వదిలేసి, నదికి వీపు పెట్టి, సరిగ్గా రేజీ ఓమా నిలబడే చోట గోడకేసి నిలబడింది. "చూసినా నాకెట్టాగూ కనపడదు. నువ్వు చూసి చెప్పు," అంది. అక్కడి జనమంతా ఊపిరి బిగబట్టారు. నది చప్పుడు వినిపించింది. మనవాడు అడుగు వెనక్కి వేశాడు.

"పడిందా?" అంది అమ్మ.

బంతి వల లోపల ఉంది. నేను నోరు తెరిచాను గాని మాట రాలేదు, ఏడుపు వచ్చింది. నా పక్కనుంచి, అచ్చు ఓమా గొంతుతో, అదే యాసతో, లేనా గావుకేక పెట్టింది.

"పడిందీ!"

అమ్మ గిరుక్కున తిరిగింది. వంతెనమీద హారన్లు మోగుతున్నాయి, అవతలి ఒడ్డంతా నీలంగా లేస్తోంది. అమ్మ చేతులు రెండూ గాల్లో లేనా కోసం వెతుకుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు. "నేను చెప్తానని ఒప్పుకున్న మాటే! ఆవిడే నాకు ముందు చెప్పేసిందే!" అంటోంది.

ఆ పిల్లకు తెలుగు ముక్క రాదే అని నేను లేనావైపు తెల్లబోయి చూశాను. అది అంతకన్నా తెల్లబోయి చూసింది. "ఏమైంది? గోలు పడితే అనేదే కదా! పడవవాళ్ళ పాత మాట అది. చిన్నప్పుడు ఓమా నేర్పింది," అంది.

అమ్మకు తర్జుమా చేసి చెప్పాను. అమ్మ లేనా మఫ్లరు పసుపు మూలను రెండు గుప్పిళ్ళతో పట్టుకుని, చంటిపిల్లలా, "ఇంకోసారి అనమనవే," అంది.